పెదవుల మాట

మరాఠీ ఊరు టెంఘర్‌లో మా నేత కార్ఖానా, మా ఇల్లు పక్కపక్కనే. మధ్యలో ఒక్కటే గోడ. కరెంటు మగ్గాల్ని మేం సాంచెలంటాం. పెళ్ళై వచ్చిన కొత్తలో ఆ చప్పుడుకి తల పగిలిపోయేది. తర్వాత్తర్వాత చప్పుడు ఆగితేనే మెలకువ వచ్చేది. సాంచెల మధ్య ఎంత అరిచినా పక్కవాడికి వినపడదు కాబట్టి మేమంతా పెదవులు చూసి మాట్లాడుకుంటాం. గొంతు పెట్టం. నోరు కదిపితే చాలు.

ఈ విద్యలో మా మరిది శుభమ్‌ని మించినవాడు లేడు. మా మామ భూమయ్యకి తమ్ముడి కొడుకు. ఈ సాంచెల కిందే పాకాడు, మరాఠీ బడిలో చదివాడు, పట్టుబట్టి ఆర్మీలో లెఫ్టినెంట్ అయ్యాడు. సెలవులకి వస్తే నా వంటింటి గడప మీద కూర్చుని కబుర్లు చెప్పేవాడు.

"ఫిరంగులు పేలుతుంటే ఎవ్వనికి ఏం ఇనవడదు వదినా. నా జవాన్లకు పెదవులు చదువుడు నేర్పుతున్న. ఒక్కనికి వస్తలేదు!" అని పడీపడీ నవ్వేవాడు.

యుద్ధం వచ్చింది. సరిహద్దు కొండ మీద తన జవాన్లని కిందికి దింపుతుంటే వాడి తొడలో తూటా దిగింది. శవపేటికతో పాటు వచ్చిన జవాను మాకు హిందీలో చెప్పాడు. పట్టీ కట్టారట. పిగిలిపోయింది. ఇంకొకటి కట్టారు. అదీ పిగిలింది. రక్తం ఆగలేదు. చివర్లో సాబ్ పెదవులు చాలాసేపు కదిలాయట. ఏమంటున్నాడో ఒక్కరికీ అర్థం కాలేదట. మిగిలిన పట్టీ ముక్క జేబులోంచి తీసి చూపించాడు. అంచున పచ్చ పోగు ఉంది. అది మా సాంచెల గుర్తు.

మిలిటరీకి పట్టీ గుడ్డ నేసే ఆర్డరు సంపాదించింది మా మామే. నూలు మిగులుతుందని అడ్డపోగులు తగ్గించి జల్లెడలా నేయించాడు. "గింత పల్చగైతే ఆగుతదా మామా?" అని నేనప్పుడే అడిగాను.

"కట్టెటోడు గట్టిగ కట్టుకుంటడు తియ్యి" అన్నాడు.

ఇప్పుడా పెద్దమనిషే ధామన్‌కర్ నాకా చౌరస్తాలో శ్రద్ధాంజలి బ్యానర్ కట్టించాడు. శుభమ్ ఫోటో ఎంతుందో, కింద చేతులు జోడించిన ఈయన ఫోటో అంతుంది. చూడగానే నాకు ఒళ్ళు మండింది. ఈ మనిషికి చావు రాకూడదా అని నిజంగానే అనుకున్నాను.

ఆ మధ్యాహ్నం పనివాళ్ళు అన్నాలకి పోతే సాంచెలు నేను చూస్తున్నాను. నా భర్త నిలేష్ పూర్ణ అనే ఊళ్ళో గోదాం డ్యూటీకి పోయాడు. మామ కార్ఖానా మూలన కుర్చీలో కునుకు తీస్తున్నాడు. గోడ అవతల ఇంట్లో, ఉయ్యాలలో మా చంటి పాప నిద్రపోతోంది.

నూనె వాసన, గంజి వాసన, వేడెక్కిన మోటార్ల వాసన... నాకు అలవాటైనవే. వాటి మధ్య ఉన్నట్టుండి దవాఖాన వాసన వచ్చింది. తల తిప్పాను.

చివరి సాంచె వెనకాల శుభమ్ నిలబడి ఉన్నాడు. యూనిఫాంలో. తొడకి ఏవో పోగులు వేలాడుతున్నాయి. కార్ఖానాలో దూది నూగు ఎప్పుడూ రాలుతూనే ఉంటుంది. నా కనుబొమల మీద, సాంచెల మీద, మామ మీసాల మీద పడుతోంది. అతని మీద మాత్రం పడటం లేదు.

పెదవులు కదిలాయి.

"వదినా."

శబ్దం లేదు...

"పట్టీ ఏడ నేసిన్రో నాకు ఎర్కైంది. ఈ ఇంట్లకెళ్లి ఒక్కలను తోల్కపోత. ఎవలనో నువ్వే చెప్పు."

భయంతో రెండడుగులు వెనక్కి వేశాను. కానీ ఆ భయం కింద కోపం అలాగే ఉంది. నోరు తెరుచుకుని గురకపెడుతున్న ఆ మనిషిని చూశాను. పెదవులు కదిపాను.

"మామను."

శుభమ్ తలూపాడు. కుర్చీ వైపు తిరుగుతాడనుకున్నాను. తిరగలేదు... గోడ వైపు తిరిగాడు. ఉయ్యాల ఉన్న వైపు.

అప్పుడు తట్టింది నాకు. పెదవులు కలిసి విడిపోతే, అది 'మా' అన్నదో 'పా' అన్నదో చూసేవాడికి తెలియదు. గొంతు వినపడితేనే తేడా. సాంచెల మధ్య మాకు రోజూ జరిగే పొరపాటే.

అతను "పాపను" అని చదివాడు.

"కాదు! మామను! మామను!" గొంతు చించుకుని అరిచాను. సాంచెల చప్పుడులో నా అరుపు నాకే వినపడలేదు. అతను నా పెదవుల్నే చూస్తున్నాడు. నేను అన్నప్పుడల్లా తలూపుతున్నాడు... సరే, సరే అన్నట్టు. మామ వైపు వేలు చూపించాలని నాకు తోచేసరికి అక్కడెవరూ లేరు.

మెయిన్ స్విచ్ కొట్టేశాను. సాంచెలన్నీ ఆగిపోయాయి.

మామ ఉలిక్కిపడి లేచాడు. "ఏంది బిడ్డా, కరెంటు వొయిందా?"

ఇంట్లోకి పరుగెత్తాను. పాప ఉయ్యాలలోనే ఉంది. ఊపిరి తీస్తోంది. ఒళ్ళు వెచ్చగానే ఉంది. గుండెకి హత్తుకుని వెక్కివెక్కి ఏడ్చాను. ఏమీ కాలేదు, అంతా నా భ్రమే అని నాకు నేను చెప్పుకున్నాను.

పాప కళ్ళు తెరిచింది. ఏడవలేదు. ఇంకా ఒక్క మాటైనా రాని నా బిడ్డ నా ముఖంలోకి చూస్తూ చిన్ని పెదవులు కదిపింది. శబ్దం లేకుండా... నెమ్మదిగా... ఈసారి నేను తప్పు చదవకూడదన్నట్టు.

"వదినా."