బొక్కలు పూడ్చిన మారుతి

"ఎవురు చేసినారప్పా ఈ పని?"

ల్యాబ్ వాకిట్లోనే నిలబడి అరిచింది చంద్రిక. ట్రేలో ఆమె చేసిన పన్నెండు పట్టు ముక్కలు, ఒక్కొక్కటి రూపాయి బిళ్లంత, అద్దం మాదిరి నున్నగా మెరుస్తాండాయి.

స్టూలు మీద కూర్చున్న పిల్లోడు ల్యాబు కుంచెతో సహా లేచినాడు.

"నేనే మేడమ్," అన్నాడు, సన్మానానికి పిలిచినట్టు. "మారుతి. ధర్మవరం నుంచి పట్టుగూళ్లు తెచ్చినా. మీ ముక్కల నిండా బొక్కలుండాయి. బీకర్లో కరిగించిన పట్టు కనపడె. ఊరికే కూర్చోవడమెందుకని పూడ్చేసినా."

"అన్నీనా?"

"గంటసేపుంటిని కదా మేడమ్."

ఆ గంట చంద్రిక తప్పే. సంతకం కోసం పోతే హెచ్‌ఓడీ పుట్టినరోజు. కేకు కోసినాక ఆరుగురు మాట్లాడినారు. ఆరుగురూ 'రెండే మాటలు' అన్నోళ్లే.

"నా పీహెచ్‌డీ అంతా ఆ బొక్కలే!"

"బొక్కలకు పీహెచ్‌డీ ఇస్తారా?"

ఇంట్లో పిన్ని కూడా అచ్చం ఇదే అడిగింది. అందుకే ఇంకా మండింది.

"మానని పుండులో ఈ ముక్క పెడతారు. కణాలు బొక్కల్లో దూరి, ఆడ్నే కాపురం పెట్టి, కొత్త కండ కడతాయి. రక్తనాళాలూ ఆ దోవలోనే రావల్ల. బొక్క మరీ చిన్నదైతే లోపలికి పోలేవు. మరీ పెద్దదైతే పట్టుకునేకి ఏం దొరకదు. నువ్వు పూడ్చినావు చూడు, వాకిట్లోనే నిలబడి చస్తాయి!"

మారుతి మొగం వాడిపోయింది. "మాది పట్టుచీరల షాపు. మా నాయన బొక్కున్న గుడ్డను గడప దాటనీడు మేడమ్. చిన్నప్పట్నుంచి అదే చూసినా."

"సోమవారం బెంగళూరు ల్యాబులో వీటి మీద కణాలు వేయల్ల. ఈ తేదీ తప్పితే మళ్లీ ఆర్నెల్లకు. అప్పటికి నా ఫెలోషిప్పే ఉండదు."

"ఇంకా నాలుగు రోజులుండాయి కదా. బొక్కలు ఎట్ల పెడతారు?"

"ఉప్పుతో. పట్టు ద్రావణంలో ఉప్పు రవ్వలేసి, గట్టిపడినాక నీళ్లలో నానబెడితే ఉప్పు కరిగిపోతాది. రవ్వ ఎంతుంటే బొక్క అంత. మా సన్న జల్లెడను పక్క డిపార్ట్‌మెంటోళ్లు తీసుకపోయి శెనక్కాయలు జల్లించినారు. చిరిగిపోయింది. అప్పట్నుంచి ఒక్కో బొక్క ఒక్కో సైజు."

మర్నాడు పొద్దున్నే మారుతి రెండు పలచటి పట్టు గుడ్డలతో దిగినాడు.

"ఇది వదులు నేత, ఇది బిగువు నేత. మా మగ్గానివే. వదులుదాంట్లో దిగి, బిగువుదాంట్లో నిలిచిన ఉప్పంతా ఒకటే సైజు."

చంద్రిక కొలిచి చూసింది. నిజమే. దాంతో కోపం ఇంకా ఎక్కువైంది.

ఆ ఉప్పుతోనే కొత్త ముక్కలు పోసింది. ఉప్పు పూర్తిగా పోవల్లంటే రెండు రోజులు నీళ్లు మారుస్తానే ఉండల్ల. క్యాంపస్ కొళాయేమో రోజు విడిచి రోజు. మారుతి ఇరవై లీటర్ల క్యాన్లు మూడంతస్తులు మోసినాడు.

"నీకు షాపు లేదా?"

"ఉండాది. యాడికి పోతాండావని నాయన అడిగినాడు. బొక్కలు పెట్టేకి అన్నా."

"ఏమన్నాడు?"

"ఇంతవరకు మాట్లాడ్లే."

చంద్రికకు నవ్వొచ్చింది. ఆపుకుంది. కోపం పోతే ఇతనితో ఏం మాట్లాడల్లో ఆమెకు తెలీదు.

సోమవారం ముక్కలు బెంగళూరు పోయినాయి. మూడు వారాలకు వాటిని సన్నగా కోసిన స్లైడ్లు తిరిగొచ్చినాయి. ఆ రోజు మారుతి నాయన మార్కండేయ, తన గుడ్డతో ఏం చేసినారో చూడల్లని స్వయంగా వచ్చినాడు. వెనకాల మారుతి, అలవాటు కొద్దీ నీళ్ల క్యానుతో.

నలభై ఏండ్లుగా బొక్క కనపడిన చీరనల్లా వెనక్కి పంపిన మనిషి మైక్రోస్కోపులోకి వంగినాడు. ప్రతి బొక్కలోనూ, నట్టనడుమ దాకా, రంగేసిన కణాలు కిక్కిరిసి ఉండాయి.

చానాసేపు లేయలేదు.

"బొక్కలు బాగొచ్చినాయమ్మా," అన్నాడు చివరికి. "మావోని మీద కోపం పోయిందా?"

"లేదు."

"ఎన్నాళ్లుంటాది?"

చంద్రిక మారుతిని చూసింది. "జీవితాంతం ఉంటాది. పక్కనే ఉండి ఆ కోపం పడతానంటే పడమనండి."

మారుతి క్యాను కింద పెట్టినాడు. "పడతా," అన్నాడు.

మార్కండేయ మళ్లీ మైక్రోస్కోపులోకి వంగినాడు.

"అయితే ముందు ఆ కుంచె ఆ పాపకిచ్చెయ్‌రా. మూడు వారాల్నుంచి జోబులో పెట్టుకోని తిరుగుతాండావు."