విత్తనపు పల్లీల కావలి

“సీ అంటే కంటికి కనబడడం. వాచ్ అంటే దాని మీదే కన్నేసి ఉంచడం.”

శనివారం మధ్యాహ్నం. సౌందర్య అరుగు మీద కూర్చుని ఇంగ్లిష్ పాఠం బట్టీ పడుతోంది. సోమవారం నిరోష టీచర్ అడిగేది ఈ రెండు మాటల తేడానే.

ఎదురుగా పందిరి నీడలో, పట్టా మీద పల్లీలు ఆరుతున్నాయి. తినడానికి కాదు, విత్తనాలకు. మిషన్‌లో వేస్తే గింజ పగులుతుందని నాయనమ్మ సుభద్రమ్మ కాయల మీద నీళ్లు చల్లి, మెత్తబడ్డాక చేత్తోనే ఒలిచింది. ఆమె బొటనవేళ్లు చిట్లిపోయాయి. తెల్లారితే నాన్న విత్తనం వేయాలి. చేన్లో పదును ఆరిపోతే గింజ మొలవదు.

“బిడ్డా, నీళ్ల బిందె తెస్త. జర పల్లీలు చూస్తుండు.”

“ఆఁ, చూస్త!” అంది సౌందర్య, తల ఎత్తకుండానే.

చూసింది కూడా! గేటు తెరిచి ఉండడం చూసింది. పక్కింటి యాదయ్య తాత మేకలు లోపలికి రావడం చూసింది. ఈ లైను అయ్యాక తోలేద్దాంలే అనుకుంది. ఆ లైను తర్వాత ఇంకో లైను వచ్చింది.

నాయనమ్మ కేకకు ఉలిక్కిపడి లేచేసరికి పట్టా సగం ఖాళీ.

“గిదేందే! నువ్వు ఈడనే ఉంటివి గద?”

“మేకలు వచ్చుడు చూసిన నాయనమ్మా...”

ఆ మాట తన చెవినే పడి సౌందర్య ముఖం చిన్నబోయింది. పుస్తకంలోని ఆ రెండు మాటల తేడా నోటికొచ్చు. ఏం లాభం?

నాయనమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నూనెకని దాచిన కాయల మూట విప్పి, నీళ్లు చల్లి, మళ్లీ ఒలవడానికి కూర్చుంది. ఒక్కో కాయకూ పళ్లు బిగపట్టింది. సౌందర్య పుస్తకం లోపల పెట్టి వచ్చి పక్కన కూర్చుంది. చీకటి పడేసరికి తన గోళ్లూ మండాయి.

“ఒక్కరోజు ఆగుదాం. పదును ఇంకా ఉంటది తీ,” అన్నాడు నాన్న మల్లేశ్.

ఆదివారం పల్లీలు మళ్లీ నీడకు చేరాయి. గేటుకు గొళ్లెం పడింది. సౌందర్య కట్టె పట్టుకుని పట్టా పక్కనే కూర్చుంది.

“ఆడుకుందాం రా!” గేటు అవతలి నుంచి స్నేహితుడు పాల్ పిలిచాడు.

“ఇప్పుడు రాను. పల్లీల కాడ ఉన్న.”

నాయనమ్మ మంచం వాల్చుకుంది. కానీ పడుకోలేదు, పట్టా వైపే చూస్తోంది.

“పండుకో నాయనమ్మా, నేనున్న గద.”

ఒక ఉడుత పందిరి దిగింది. సౌందర్య చటుక్కున లేచి కట్టె ఆడించింది. ఉడుత పరారు.

అది చూసి నాయనమ్మ నవ్వింది. నూనె రాసిన చేతులు గుండెల మీద పెట్టుకుని, పల్లీల వైపు వీపు పెట్టి, హాయిగా నిద్రపోయింది.