నీలవేణి ఆరేసిన వల

పలాస స్టేషన్ వెయిటింగ్ రూంలో చీఫ్ కాశీవిశ్వనాథం చెప్పింది వినగానే సీక్రెట్ ఏజెంట్ నీలకంఠానికి ఒళ్లు మండిపోయింది.

రేపు సాయంత్రం అయిదింటికి జీడిపప్పు వ్యాపారి పురుషోత్తం ఉద్దానం తీరంలోని తన తాటాకు షెడ్డుకు తానే నిప్పు పెడతాడు. ఆ పొగే సిగ్నల్. అది చూసి విదేశీ ఓడ ఆయుధాలు దించుతుంది. ఈ రహస్యం చేరవేసింది అతని స్టెనో రాజకుమారి, రెండు వైపులా పనిచేసే అందగత్తె.

ఇప్పుడే అరెస్టు చేద్దామన్నాడు నీలకంఠం.

"ఏ నేరం మీద? స్పై అనడానికి సాక్ష్యం లేదు. పుల్ల గీసేదాకా అది సన్నాహమే. పైగా షెడ్డు అతనిదే. ఇంకొకరి ఆస్తికి నష్టం కలుగుతుందని తెలిసే చేశాడని రుజువు కావాలి."

పక్కనే జాలర్ల గుడిసెలు ఇరవై ఉన్నాయి కదా అంటే, గాలికి అంటుకుంది, నాకేం తెలుసంటాడన్నాడు చీఫ్. కొంపలు కాలేదాకా గుడ్లప్పగించి చూడాలా! ఇదేం చట్టం! నీలకంఠం పళ్లు నూరుకుంటూ, వలల నూలు అమ్మేవాడి వేషంలో ఆ పల్లెకు చేరాడు.

పల్లెకంతటికీ ఉన్న ఒక్క పెద్దవల నీలవేణి అనే జాలరి ఆడమనిషి చేతికింద ఉంటుంది. నీలకంఠం ఆమె దగ్గర ఏదీ దాచలేదు. ఆమె పురుషోత్తాన్నీ, చట్టం రాసినవాళ్లనీ కలిపి దులిపేసింది. తర్వాత ఒక్కటే అడిగింది.

"మాదేదైనా ఆ సెడ్డు మీదుండి, అది ఆడికి తెలిసుంటే నేరమైపోద్దా బాబూ?"

"అవుతుంది."

మర్నాడు నాలుగున్నరకు పదిమంది ఆడవాళ్లు వేటనుంచి వచ్చిన తడివల మోసుకొచ్చి షెడ్డు కప్పుమీద పరిచారు. దగ్గర్లో ఏ కప్పుంటే దానిమీద వల ఆరేయడం అక్కడ మామూలే.

"వల ఆరేసినాం బాబూ. మా ఊరందరి కూడూ అదే. సూసుకోండి" అని నీలవేణి పురుషోత్తానికి గట్టిగా చెప్పింది. అతను నవ్వి, ఆరేసుకోమన్నాడు. పడవ చాటునుంచి నీలకంఠం సిగరెట్ లైటర్‌లోని కెమెరా క్లిక్‌మంది.

అయిదయింది. రాజకుమారి అందించిన డబ్బాలోంచి పురుషోత్తం కిరసనాయిలు చల్లాడు. నీలకంఠం కదల్లేదు. పురుషోత్తం అగ్గిపెట్టె తీశాడు. నీలకంఠం అప్పుడూ కదల్లేదు. పురుషోత్తం పుల్ల గీసి చూరుకు అంటించాడు. ఒక్క గెంతులో నీలకంఠం అతణ్ని ఇసుకలో పడదోశాడు. చూరు భగ్గుమంది. దగ్గర్లో కాచుకునున్న ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చి తడివలను మంటమీదికి లాగేశారు. లేచిన కాస్త పొగా గాలికి చెదిరిపోయింది. ఓడ ఎదురుచూసి, చూసి, తిరుగుముఖం పట్టింది.

"నా షెడ్డు, నా ఇష్టం!" అని అరిచాడు పురుషోత్తం.

"వల నీదా?" అంటూ బేడీలు వేశాడు నీలకంఠం.

నీలవేణి వలలో మూరెడు చిల్లు చూపించింది.

"నీ సట్టం కోసం కాలినాది. బాగుసేసి మరీ ఎల్లు."

ఆ సాయంత్రం టెక్కలి నుంచి చీఫ్‌కు టెలిగ్రాం వెళ్లింది: నిందితుడు దొరికాడు. ఏజెంటు రెండు రోజులు ఆలస్యం. వల అల్లుతున్నాడు.