ఎర్రరంగు పూసిన వంద

బయట మెల్‌బోర్న్ జనవరి ఎండ మండిపోతున్నా మా మైక్రోస్కోప్ గదిలో చీకటే. నల్ల తెర, తడిసిన అట్టపెట్టె వాసన, గోడ వెనక ఫ్రిజ్ రొద. యారన్‌విల్ ఊరి కుళాయి నీళ్లలో కడుపులో చేరే పరాన్నజీవులున్నాయేమో చూడటం నా ఉద్యోగం.

పరీక్షకు ముందు ఆ నీళ్లలో మేమే, పెంకుల్లో ఉండే పరాన్నజీవుల్ని ఒక వంద వేస్తాం. చంపేసి, ఎర్రరంగు పూసినవి, సీసాకు వంద చొప్పున సీలువేసి వస్తాయి. వడపోశాక వాటిలో సగమైనా దొరికితే మా పని సరిగ్గా ఉన్నట్టు. ఊరి నీళ్లలోవైతే మేం వేసే మందు తగిలి ఆకుపచ్చగా మెరుస్తాయి.

ఆ రోజు ఆకుపచ్చవి లేవు. ఎర్రవీ లేవు.

"డెస్మండ్, సీసా వెయ్యడం మర్చిపోయావా?"

"ఇరవై ఏళ్లుగా వేస్తున్నా తల్లీ. ముందు నీ కళ్లద్దాలు తుడుచుకో," అన్నాడు నాతో పనిచేసే ఆ పెద్దాయన.

నాకు అనుమానం పోలేదు. ఇంకో సీసా నా కళ్లముందే వేయించాను. ఇంకో వంద. మళ్లీ వడపోశాం. చూశాను... సున్నా.

ఎర్రవి దొరక్కపోతే పరీక్ష చెల్లదు. ఊరంతా నీళ్లు కాచుకోమని చాటించాలి. ఈ ఆరు నెలల్లో ఇప్పటికే రెండుసార్లు ఇలా అయింది. మూడోసారంటే మా ల్యాబ్‌కి తాళమే.

అంతలో యారన్‌విల్ నుంచి అక్క రొవీనా ఫోన్. ఆమె కూతురు టిల్డాకి ఏడేళ్లు. కిడ్నీ మార్చిన పిల్ల, చిన్న క్రిమి సోకినా తట్టుకోలేదు.

"నిన్నటి నుంచి విరేచనాలే. ఆస్పత్రిలో ఉన్నాం. ఇక్కడి కుళాయి నీళ్లు పట్టించనా ఎల్సీ?"

"సీసాలే పాడై ఉంటాయిలే," అని గొణిగాడు డెస్మండ్. నాకూ ఆ మాటే కావాలి.

"నిక్షేపంగా పట్టించక్కా," అన్నాను. నీళ్లు శుభ్రం అని సంతకం పెట్టాను. పెడుతుంటే సిగ్గేసింది.

గంట తర్వాత ఆస్పత్రి ల్యాబ్ నుంచి ఒకామె ఫోన్ చేసింది. గొంతు బాగా తగ్గించింది.

"టిల్డా మల నమూనాలో పరాన్నజీవులున్నాయి. కానీ... ఎర్రగా ఉన్నాయి. ఆ రంగువి మీ దగ్గరే ఉంటాయటగా?"

"ఎన్ని?"

"సరిగ్గా రెండు వందలు."

"అవి... చచ్చినవి."

"చచ్చినవా? అన్నీ పగిలి ఉన్నాయండీ. ఉత్త పెంకులే. లోపలివి బయటికి వెళ్లిపోయాయి."

డెస్మండ్ వైపు తిరిగాను. అతని ముఖం పాలిపోయింది. మా ఇద్దరిలో ఎవరి మీద అనుమానపడాలో నాకు తెలియలేదు.

"ఆ నమూనా... ఎప్పుడు తీశారు?"

"నిన్న సాయంత్రం."

మేం ఆ రెండు సీసాల సీలు విప్పింది ఈ రోజు ఉదయమే.