బెత్తెడు దూరంలో ఆగిన కత్తి

2081 నాటికి సినిమా ముక్క పోయిందని ఏడ్చేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. తాతల పెళ్ళి వీడియోలో తాళి కట్టే ఘట్టం చెడిపోయినా, పాత సినిమా ఆఖరి రీలు బూజు పట్టినా విశాఖలోని ఛాయాపూరణికి పంపితే సరి. ఉన్న బొమ్మల్లో మనుషుల కండరాల కదలికనూ చూపునూ కొలిచి, ఆ ఒళ్ళు తర్వాత ఏం చేసి ఉండేదో లెక్కగట్టి, పోయిన బొమ్మలను ఆ యంత్రం గీసిపెడుతుంది. మాటలను మాత్రం అది చచ్చినా నమ్మదు. నోరు అబద్ధమాడొచ్చు కానీ ఒళ్ళు ఆడదన్నది దాని సూత్రం.

అంతటి యంత్రం హాంకాంగ్‌లో కాంటనీస్ భాషలో తీసిన ఒక పాత కత్తియుద్ధాల సినిమా దగ్గర మొరాయించింది. అందులో తెల్ల అంగీ వీరుడికీ నల్ల అంగీ వీరుడికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. చివరి పోరులో తెల్ల అంగీవాడు రెండోవాణ్ణి చంపాలని స్క్రిప్టులో ఉంది. ఆ రీలే పోయింది. యంత్రం నలభైసార్లు గీస్తే నలభైసార్లూ కత్తి నల్ల అంగీవాడి గొంతుకు బెత్తెడు దూరంలో ఆగిపోయింది. తెల్ల అంగీ నటుడి మనవరాలు మెయ్‌లన్, డెబ్భై ఏళ్ళ మనిషి, తాత ఆఖరి పోరు చూడాలని హాంకాంగ్ నుంచి సాయంత్రం ఆరింటికి వస్తోంది. చూపిస్తానని మాటిచ్చింది ఛాయాపూరణిని తయారుచేసిన డాక్టర్ నూకరత్నం. ఆమెకు చెమటలు పట్టాయి.

గతిలేక ఆమె డాక్టర్ సన్యాసిరావుకు కబురు పెట్టింది. ఆ యంత్రంలో మనుషుల ఉద్దేశాలు చదివే భాగం రాసింది ఆయనే. పదకొండేళ్ళ కిందట పరిశోధన పత్రం మీద ఎవరి పేరు ముందుండాలన్న పేచీతో ఇద్దరూ విడిపోయారు. అప్పట్నుంచీ మాటల్లేవు.

ఆయన వచ్చి, కాఫీ కప్పు బల్ల అంచున పెట్టి, గంటసేపు లెక్కలు చూశాడు.

"యంత్రం బాగానే ఉంది," అన్నాడు చివరికి.

"ఏటి బాగుండడం? చంపాల్సినోడు చంపట్లేదు కదా!"

"పోనీ దాన్నే అడుగు."

ఛాయాపూరణి నిదానంగా చెప్పింది: "శత్రుత్వ సూచిక సున్నా. ప్రతి వేటుకు ముందు కొట్టేవాడి చూపు ఎదుటివాడి పాదాల మీదికి వెళ్ళింది. అతను నిలదొక్కుకున్నాకే కత్తి లేచింది. ఇద్దరిదీ ఇదే పద్ధతి."

"నటులు కాబట్టి జాగ్రత్త పడతారు! పాత్రను చదవమంటే మనిషిని చదువుతోంది. అదయ్యా నీ తప్పు!" నూకరత్నం అటూ ఇటూ తిరుగుతూ మండిపడింది.

"నా తప్పా? ఒళ్ళే నిజం చెప్తాదని పట్టుబట్టింది నువ్వు కాదా?" ఆయన చేతులు ఊపుతూ లేచాడు.

"ఆరోజూ ఇంతే, నీ మాటే నెగ్గాలి!"

"నీ పేరే ముందుండాలి!"

"మరో పోరాటం నమోదైంది," అంది యంత్రం.

ఇద్దరూ ఠక్కున ఆగారు.

"ఆమె తిడుతూనే వేడి కాఫీ కప్పును ఆయన మోచేతికి అందకుండా జరిపారు. ఆయన అరుస్తూనే ఆమె కాలికి తగలబోయిన వైరును పాదంతో పక్కకు లాగారు. శత్రుత్వ సూచిక సున్నా."

నూకరత్నం కప్పు వైపు చూసింది. ఎప్పుడు జరిపిందో ఆమెకే తెలియదు. పదకొండేళ్ళు అన్యాయంగా పోయాయే అనిపించింది.

"చక్కెర లేకుండానే తాగుతున్నావా ఇంకా?" అంది.

"ఆఁ," అన్నాడాయన, వైరు వైపే చూస్తూ.

ఆరింటికి మెయ్‌లన్‌కు ఆ ముగింపునే ఉన్నదున్నట్టు చూపించారు. కత్తి గొంతు దాకా వచ్చి ఆగింది. తెల్ల అంగీవాడు దాన్ని దించి, తూలుతున్న శత్రువుకు భుజం ఆసరా ఇచ్చాడు. ఆమె కళ్ళు తుడుచుకుంది. వాళ్ళ చెవుల్లోని అనువాద యంత్రం ఆమె మాటలను తెలుగులో వినిపించింది.

"కథలో ముగింపు ఇది కాదు. కానీ మా తాత ఇంతే. వాళ్ళిద్దరూ ముసలివాళ్ళయ్యాక కూడా రోజూ పొద్దున్నే కలిసి టీ తాగేవాళ్ళు. ముందు నీకు పోస్తానని ఒకరంటే, కాదు ముందు నీకేనని ఇంకొకరు కెటిల్ లాక్కుని కొట్టుకునేవాళ్ళు!"

ఆమె వెళ్ళాక ఛాయాపూరణి అడిగింది: "పూరించినవారి పేర్లు వేయాలి. ముందు ఎవరిది?"

"ఆయనది," అంది నూకరత్నం.

"కాదు, ఆవిడది," అన్నాడు సన్యాసిరావు.

"ఇదిగో, నోర్మూసుకుని ఒప్పుకో!"

"నీ పెత్తనమేటి నా మీద?"

యంత్రం ఈసారి సూచిక చదవలేదు. ఆ గొడవ ఒక కొలిక్కి వచ్చేదాకా పేర్ల చోటు ఖాళీగా ఉంచింది.