ఏడో ఈక

గాంధీనగర్ చివర ఖాళీగా పడివున్న మాస్టారి ఇంటి ముందు పొద్దుగూకాక ఎవరూ నడవరు. ఆ వసారాలోంచి పైపు పొగ వాసన వస్తుంది... పైపు తాగే యేసుదానం మాస్టారు పోయి ఏడాదైంది!

ఆ వాసనలో సగం సుబ్బరామిదే లెండి. గనుల పుణ్యమా అని సేద్యం వదిలి లారీలు పెట్టి, రెండేళ్లలో దొరబాబు అయిపోయిన సుబ్బరామి. ఈ కథ అతనే నాకు చెప్పాడు, కాబట్టి ఓ పిసరు తగ్గించుకుని వినండి.

మాస్టారు, అతను ఒకే బడిలో చదువుకున్నారు. మాస్టారికి ఏడు పైపులు, రోజుకొకటి. తాగాక బూడిద దులిపి, గొట్టంలో కోడి ఈక దూర్చి తడి తీసి, ఈక గొట్టంలోనే ఉంచి చెక్క స్టాండులో, ఏ రోజు పైపు ఆ రోజు గూట్లో బోర్లించేవాడు. మళ్లీ వారం దాకా అది ఆరాల్సిందే. ఒకటి తనకిమ్మని సుబ్బరామి అడిగాడు ఓసారి.

"ఆరబెట్టేకి ఓపిక కావాలప్పా. నీకు యాడిది?" అని నవ్వాడట మాస్టారు.

ఆ నవ్వుకు మండిన కడుపు ఎన్ని లారీలు కొన్నా చల్లారలేదు. మాస్టారు పోయాక, ఆయన భార్య జయశీలమ్మ ఇల్లు అమ్ముతుంటే, స్టాండుతో సహా కొనేశాడు. తీరా చూస్తే పైపులు ఆరే! ఆదివారం గూడు ఖాళీ.

"అది ఆయన చేతిలో పెట్టి పూడిస్తిమప్పా," అంది జయశీలమ్మ.

సమాధిలో ఉన్న పైపు మీద కూడా ఏడ్చాడు మనవాడు.

రోజూ చీకటిపడ్డాక వసారాలో కూర్చుని, ఆరింటినీ ఒకదాని వెనక ఒకటి తాగి, తడితడిగా పడేసి పోయేవాడు. మర్నాడు వస్తే... ఆరూ శుభ్రంగా, ఈకలతో, వరుసగా బోర్లించి ఉండేవి!

ఓ ఆదివారం రాత్రి, పైపులు అలాగే పడేసి, లోపలి గదిలో తలుపు చాటున నక్కాడు. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత... దొడ్డి తలుపు కిర్రుమంది. గుడ్డి దీపం. గొట్టంలో ఈక ఆడిస్తున్న ఒక చెయ్యి —

"ఎ... ఎవరది?"

"సుమ్నే ఉండప్పా, అరవద్దు. నేనే."

జయశీలమ్మ! దొడ్డి తాళంచెవి ఆమె దగ్గరే ఉండిపోయిందట.

"తడిగా పెడితే పగిలిపోతాయి. నీ కోసరం కాదులే. ఆయన చేతివి."

సుబ్బరామికి ప్రాణం లేచొచ్చింది. మరుక్షణమే మళ్లీ మండింది. తను పోతే తన చెప్పులైనా తుడిచేవాళ్లు ఎవరున్నారు?

"ఒగటి అడగాలనుకుంటాండా," అంది ఆమె గుసగుసగా. "ఆరు ఈకలూ నేను తెచ్చినవే. ఆదివారం ఆదివారం ఏడోది ఎందుకు పెడ్తావు నువ్వు? నేను తీసి పారేస్తానే ఉండా..."

దీపం ఎత్తింది.

ఖాళీ గూట్లో ఈక. నల్లగా... ఇంకా తడిగా. ఇందాక పొగ తాగుతూ చూసినప్పుడు అక్కడేమీ లేదు.

భయం ఆ తర్వాత వేసిందట సుబ్బరామికి. ముందు పుట్టింది మాత్రం కుళ్లే... చచ్చి కూడా వాడు తన పైపుని ఓపికగా ఆరబెట్టుకుంటున్నాడే అని!