వాగొడ్డున మూడో రాయి

మా నాయకుడు వెంకటరామారావుకు వంతెనలంటే వల్లమాలిన ప్రేమ. కట్టడమంటే కాదు, శంకుస్థాపన చేయడమంటే. భద్రాచలం దాటాక అడవిలో ఉన్న ఆ వాగు ఒడ్డున, ఎన్నికకొకటి చొప్పున, తన పేరు చెక్కిన రాళ్లు అప్పటికే రెండు పాతించాడు. ఎనభై తొమ్మిది ఎన్నికల ముందు మూడోది పాతడానికి వెళ్లాం. ఆయన జీపులో మైకు పట్టుకుని పొగిడేవాణ్ణి నేను. పొట్టకూటి కోసం.

పొద్దు గూకుతోంది. తడి ఆకుల వాసన. కీచురాళ్ల రొద. కొబ్బరికాయ కొట్టడం అయిపోయింది. అప్పుడు పగిడయ్య అనే కోయ పెద్ద ముందుకొచ్చి రాయికి పసుపు పూశాడు. కోడిని కోసి, ఇప్పసారా పోశాడు. ఆ వానాకాలమే అతని కూతురు గంగక్క నొప్పులు పడుతూ, వాగు తగ్గక, దవాఖానాకు చేరలేక ఈ ఒడ్డునే ప్రాణం విడిచింది. కడుపులో బిడ్డతోనే పాతిపెట్టారు.

"చూశావా, ఎంత అభిమానమో!" అని మురిసిపోతూ నాయకుడు చేతులు కడుక్కోవడానికి వాగులో దిగాడు.

"ఇదేం పూజ, పగిడయ్యా?" అడిగాను.

"మా తాన పేరు పెట్టి రాయి నిలబెట్టేది సచ్చినోళ్లకే సారూ," గుసగుసగా అన్నాడు. "రెండుసార్లు తెల్వక నిలబెట్టిండని ఊకున్నం. గీసారి నా బిడ్డ ఊకుంటలేదు."

కీచురాళ్లు ఆగిపోయాయి. పచ్చి నెత్తురు వాసన... కోడిది కాదు.

నీళ్ల మీదుగా ఆడగొంతు. మూలుగు.

"దొరా... వాగు దాటియ్యవా..."

ఎవరూ లేరక్కడ. కానీ పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు కదా! నాయకుడు చేతులు జోడించాడు.

"తప్పకుండా దాటిస్తానమ్మా. పూచీ నాది."

జోడించిన చేతులు మళ్లీ విడిపోలేదు. ఎవరో పట్టి లాగుతున్నట్టు ముందుకు సాగాయి.

"ఒరేయ్... పట్టుకో..."

నాకు కాళ్లు రాలేదు. నిజం చెప్పాలంటే మనసూ రాలేదు. గంగక్క పోయిందని చెబితే, "ఒక ఓటు తగ్గిందన్నమాట" అని నవ్విన మనిషి. ఆ కసి నాలోనూ ఉంది.

మోకాలిలోతు నీళ్లు. అందులోనే ఆయన నడుము మునిగింది. మెడ మునిగింది. తర్వాత... జీపు లైట్ల వెలుగులో అడుగున ఇసుక తేటగా కనిపిస్తోంది. మనిషి లేడు.

పగిడయ్య చెవి ఒగ్గి వింటున్నాడు. నేనూ విన్నాను.

అవతలి ఒడ్డున, ఇల్లూ వాకిలీ లేని ఆ చీకట్లో, అప్పుడే పుట్టిన పసిగుడ్డు కేర్‌మంది.